వెల్డింగ్ వద్దన్న గొట్టం

ముల్లు నిలబడింది. నిజంగా నిలబడిందా, నిలబడినట్టు నటిస్తోందా అన్నది గంట గడిస్తే గాని తేలదు, ఆ గంటసేపూ నేను చెయ్యగలిగింది ఏమీ లేదు, గొయ్యి గట్టున తిరగేసిన చెక్కపెట్టె మీద కూర్చుని గేజీని చూడ్డం తప్ప. నాకిది ఇష్టమైన పనే. ఇంట్లో పాలు పొయ్యి మీద పెట్టి నిలబడే ఓపిక లేదు గానీ ఇక్కడ ఎంతసేపైనా కూర్చోగలను, ఎందుకంటే పాలు పొంగుతాయని అందరికీ తెలుసు, ఈ ముల్లు ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. కింద గోతిలో గొట్టం, నల్లటి పూత గీకేసిన మేర బూడిదరంగులో ఉంది. దాని నడుముకి నా ఫిట్టింగ్. రెండు సగం డిప్పలు, ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి వచ్చి గొట్టాన్ని కౌగిలించుకున్నాయి, అంచుల వెంట బోల్టులు, లోపల రబ్బరు కట్లు, పై డిప్పకి ఆకాశం వైపు తెరుచుకున్న నోరు, ఆ నోటి మీద వాల్వు. డిప్పలకీ గొట్టానికీ మధ్య ఉన్న కాస్త సందులో నైట్రోజన్ నింపి, అది ఎక్కడైనా కారుతుందేమోనని కాచుకుని కూర్చున్నాం. ఒత్తిడి మరీ పెంచకూడదు, పెంచితే బయటనుంచి నొక్కుకుపోయి గొట్టమే లోపలికి సొట్టపడుతుంది. పరీక్ష పెట్టి విద్యార్థిని చంపిన మహానుభావులు మా వృత్తిలో ఉన్నారు. నేను వాళ్ళలో లేను, ఇప్పటివరకూ.

గొట్టంలో గ్యాసు మాత్రం తన దారిన తాను పోతోంది. ఊళ్ళో ఎవరిదో పొయ్యి మీద కూర ఉడుకుతూ ఉంటుంది, ఆ చివర గాజు కార్ఖానాలో కొలిమి మండుతూ ఉంటుంది, ఆ కొలిమి చల్లారితే లోపల కరిగిన గాజంతా గడ్డకట్టి కూర్చుంటుందట, కొలిమినే పగలగొట్టి తియ్యాలట, అందుకే ఈ గొట్టాన్ని ఒక్క పూట ఆపుదామా అని నోరు తెరిస్తే చాలు కార్ఖానావాళ్ళు మీదపడి కరిచేలా ఉంటారు. కొత్తగా వచ్చిన బిస్కెట్ల ఫ్యాక్టరీకేమో గ్యాసు కావాలి. గ్యాసు ఆపకుండా, గొట్టం ఖాళీ చెయ్యకుండా, నడుస్తున్నదానికే రంధ్రం వేసి కొత్త దారి కలపాలి, దాన్నే మేం హాట్ ట్యాప్ అంటాం. చెప్తే మా అత్తగారు నమ్మలేదు. నిండు బిందెకి చుక్క కారకుండా చిల్లు పెడతారా, ఎవరి చెవిలో పూలు పెడతావే అంది. పెడతాం అత్తయ్యా, అందుకే కదా మీ అబ్బాయినీ నన్నూ ఇంకా పనిలోంచి తియ్యలేదు అన్నాను. ఆవిడ మా ఆయన వైపు చూసింది, నిజమేనా అన్నట్టు. ఆయన నవ్వి తలూపాడు. అది వారం కిందటి మాట కాదు, అంతకు ముందుది. వారం నుంచి ఆయన నవ్వడం లేదు.

ఇప్పుడు గొయ్యికి అవతలి గట్టున సిలిండర్ల బండి మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు, ఒళ్ళో వెల్డింగ్ టోపీ. ఈ రోజు ఆ టోపీతో పని లేదు, అయినా తెచ్చుకున్నాడు. మా కంపెనీలో వెల్డింగ్ మేస్త్రీ ఆయనే, ఏ గొట్టానికి ఏ ఫిట్టింగ్ అన్నది తేల్చేది నేను, పెళ్ళికి ముందునుంచీ ఇదే వరస. పొద్దున బోల్టులన్నీ తనే బిగించాడు, ఎదురుబొదురుగా, ఒకటి ఇటు ఒకటి అటు, అన్నిటికీ సమానంగా, పక్కింటి పిల్లకి జడ వేసినట్టు, బాధ్యతగా, ముద్దు లేకుండా. సైట్లో ఆయన నన్ను మేడమ్ అంటాడు, ఇంట్లో నువ్వు అంటాడు. కోపం వస్తే మాత్రం మేడమ్‌ని ఇంటికి కూడా వెంటబెట్టుకొస్తాడు. మేడమ్, కాఫీలో చక్కెర సరిపోయిందా. మేడమ్, ఫ్యాను తగ్గించమంటారా. అరిచి గొడవ పెట్టుకునే మొగుడైతే నాలుగు తిట్టి నాలుగు తిని ఊరుకునేదాన్ని, ఈ మర్యాదతో ఎలా వేగడం. మా అమ్మాయి అన్నం తింటూ తలెత్తకుండా అడిగింది, "నాన్నా, ఆ మేడమ్ మనింట్లోంచి ఎప్పుడు వెళ్తుంది?" అని. ఆయనకి పొరబోయింది. నీళ్ళు నేనే అందించాను, అందుకుని, థాంక్యూ మేడమ్ అన్నాడు.

ఇదంతా ఒక్క అంకె తెచ్చిన తంటా. పూత గీకాక గొట్టం గోడ ఎంత మందం మిగిలిందో చూడ్డానికి జెల్లీ రాసి ఓ చిన్న పరికరం ఆనిస్తాం, అది లోపలికి చప్పుడు పంపి, తిరిగొచ్చినదాన్నిబట్టి మందం చెబుతుంది. పాత గొట్టం కదా, లోపల ఏం తినేసిందో పైనుంచి కనపడదు. చుట్టూ వరసగా చూసుకుంటూ వచ్చాను, అన్నిచోట్లా దిట్టంగానే ఉంది. ఒక్కచోట, రంధ్రం పడబోయే వలయం లోపల, అంచుకి దగ్గరగా, అంకె పడిపోయింది. వెల్డింగ్‌కి కనీసం ఇంత ఉండాలి అన్నదానికి పిసరంత కింద. అక్కడ పసుపు చాక్‌తో అడ్డగీతల గుర్తు పెట్టి లేచాను. ఇదిగో, ఈ లేవడమే వారం నుంచి నా బుర్రలో తిరుగుతోంది. అలాంటి అంకె ఒకటి ఒంటరిగా వస్తే మళ్ళీ జెల్లీ రాసి, పరికరాన్ని అటూఇటూ తిప్పి చూడాలి, కింద గాలిబుడగ చిక్కినా అది అబద్ధం చెబుతుంది, ఈ సంగతి అందరికీ నేర్పేదే నేను. ఆ రోజు నేను మళ్ళీ చూడలేదు. ఆ అంకె నాకు నచ్చింది. అంతకన్నా సరైన మాట లేదు, నచ్చింది, అడిగిన ధరకి బేరం కుదిరితే మళ్ళీ నోరెత్తకుండా సంచీ సర్దుకుంటామే, అలా సర్దుకుని లేచాను.

మర్నాడు ఆఫీసులో, "మేస్త్రీ ఉండగా మనకి బోల్టులెందుకమ్మా? గొట్టం మీద నేరుగా మూతి పెట్టి వెల్డ్ చేస్తే అయిపోయేదానికి," అన్నాడు మేనేజరు. అడగడంలో తప్పు లేదు. వెల్డ్ చేసింది గొట్టంలో కలిసిపోతుంది, భూమి ఉన్నంతకాలం దాని ఊసెత్తక్కర్లేదు, బోల్టులదైతే బరువు, తెప్పించాలి, రబ్బరు ముసలిదవుతుంది, మధ్యమధ్య తవ్వి చూసుకోవాలి. "గోడ మీద నమ్మకం లేదు సార్," అన్నాను. గొట్టం గోడ అని నా ఉద్దేశం, అక్కడున్న అందరూ అలాగే అర్థం చేసుకున్నారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడు నా ఎదురుగా కూర్చుని, కొత్త కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "మేడమ్ ఎలా అంటే అలా," అన్నాడు. కళ్ళజోడు వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. టోపీ లోపల కూడా ఓ అద్దం అమర్చుకున్నాడు, మనవాళ్ళు ఆటపట్టించారు, మేస్త్రీ ఇప్పుడు గొట్టాన్ని చదువుతున్నాడ్రా అని. నేనూ నవ్వాను, ఆయనా నవ్వాడు. మా అమ్మాయి మొన్న వంటింట్లోకొచ్చి తలుపు దగ్గరికేసి చెప్పింది, "నీకు నాన్న చూపు మీద డౌటు వచ్చిందట. నీకు చెప్పొద్దన్నాడు, అందుకే చెప్తున్నా." ఆ పిల్లకి ఎవరి పోలిక వచ్చిందో గానీ ఏ కడుపులోనూ మాట ఉండనివ్వదు.

చూపు మీద డౌటా. ఆయన వేసిన వెల్డింగు వరసలు పరిచిన కాసుల్లా ఉంటాయి, కళ్ళజోడు వచ్చాక ఇంకా ముద్దొస్తున్నాయి. ఆ మాట చెప్పేస్తే పోదా అంటే, చెప్తే రెండో ప్రశ్న వస్తుంది, మరి ఎందుకు వద్దన్నావ్ అని. గోడ పల్చబడింది అంటాను. నిజమే కావచ్చు. ఎన్నిసార్లు అనుకున్నా ఆ కావచ్చు దగ్గరే ఆగిపోతున్నాను. మా అమ్మ కుట్టుపని చేసేది, బట్టను చూడవే, దారాన్ని తర్వాత చూద్దువు అనేది. నలిగి పల్చబడ్డ బట్టకి ఎంత గట్టి దారం వేస్తే అంత త్వరగా చిరుగుతుంది, కుట్టు నిలుస్తుంది, బట్ట పోతుంది. అలాంటిచోట కుట్టు మానేసి హుక్కు పెట్టేది. నాకు ఫిట్టింగులు నేర్పింది కాలేజీ కాదు, ఆ మాటే. లోపల ఏం పారుతోంది, ఎంత ఒత్తిడి, గొట్టం ఇంకా గుండ్రంగానే ఉందా, ఇన్నేళ్ళ మట్టి బరువుకి కోడిగుడ్డులా వంకరపోయిందా, ఏ రబ్బరు ఈ గ్యాసుకి ఉబ్బుతుంది, ఏది ఉబ్బదు, వాల్వు తెరిస్తే, గొట్టానికి రంధ్రం వేసే మా కోత చక్రం దానిలోంచి పడుతుందా. ఓసారి వేరేవాళ్ళ సైటుకి చూడ్డానికి వెళితే, వాల్వు ఘనంగా బిగించేసి, తీరా చూస్తే దాని గొంతు కోత చక్రం కన్నా సన్నం, పెళ్ళికూతురు గుమ్మంలో పట్టని మంచాన్ని చూసినట్టు అందరూ దాని చుట్టూ నిలబడ్డారు. నేనూ నోరు మూసుకుని నిలబడి, కారెక్కాక నవ్వాను. ఈ ఫిట్టింగుకి అవన్నీ చూశాను, కొలిచాను, రబ్బరుని వేలితో నొక్కి వాసన కూడా చూశాను, అందులో నాకు బెంగ లేదు. నా బెంగ వేరే. ఈ గొట్టానికి వెల్డింగ్ చేసేవాడు ఇంకెవరైనా అయ్యుంటే నేను మళ్ళీ జెల్లీ రాసేదాన్నా?

రాసేదాన్నే.

చాలా ఏళ్ళ కిందటి మాట, అప్పుడు అమ్మాయి ఇంకా నడక కూడా రానిది. ఇలాంటి గొయ్యే, ఇలాంటి గొట్టమే, అప్పటి అంకెలన్నీ బాగున్నాయి, నేనే సంతకం పెట్టాను, దాచుకోడానికి ఏమీ లేదు, ఎవరి తప్పూ కాదు, లోపల ఎక్కడో గోరంత మేర తుప్పు తిన్నది పరికరానికి దొరకలేదు. ఆయన వెల్డ్ చేస్తున్నాడు, నేను గట్టున నిలబడి ఇంకెవరితోనో రేపటి పని గురించి మాట్లాడుతున్నాను. ఈల లాంటి చప్పుడు, గోడకి చిల్లు పడి గ్యాసు ఎగదన్నింది. ఆ తర్వాత మనిషెత్తు మంట. మంట వెనక ఆయన కనపడలేదు. ఎంతసేపో నాకు తెలియదు, తర్వాత అందరూ రెప్పపాటు అన్నారు, నేను ఒప్పుకోను, ఆ రెప్పపాటులో నేను ఒళ్ళో పిల్లతో ఎవరి గుమ్మం ముందో కూర్చున్నాను, పిల్లకి పెళ్ళి కూడా చేశాను. ఇంతలో ఆయన నిచ్చెన ఎక్కి వచ్చాడు, కనుబొమలు లేవు, చేతి తొడుగు పొగలు కక్కుతోంది, టీ ఎవరన్నా చెప్పారా అని అడిగి నవ్వాడు. ఇంటికెళితే పిల్ల ఆ బోడి మొహం చూసి కొత్తవాడనుకుని నెల రోజులు ఏడ్చింది. ఆయనకి అది పిల్ల ఏడ్చిన కథ, ఎప్పుడు చెప్పినా అక్కడే నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. ఆ తర్వాత ఎన్ని గొట్టాలకి వెల్డింగే అని కాగితం మీద రాశానో, మందంగా ఉన్నాయి, రాశాను, నిలబడ్డాను, ఏమీ కాలేదు. ఈసారి బొటాబొటీ అంకె ఒకటి తనంతట తనే వచ్చి నా చేతిలో పడింది.

"మేడమ్, ముల్లు!" అన్నాడు గ్యాసు కంపెనీ ఇన్‌స్పెక్టరు. గొడుగు కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నవాడు గొడుగుతో సహా లేచాడు. నిజమే, ముల్లు వెంట్రుకంత దిగింది. గోతిలో ఉన్నవాళ్ళు సబ్బునీళ్ళ సీసాలు పట్టుకున్నారు. నేను ముల్లును కాదు, ఆకాశాన్ని చూశాను. మబ్బు పట్టింది. ఇందాకటిదాకా ఎండలో కాగిన ఇనుము చల్లబడుతోంది, లోపలి నైట్రోజన్ ముడుచుకుంటోంది. "మబ్బు పోనివ్వండి సార్," అన్నాను. ఇన్‌స్పెక్టరుకి నచ్చలేదు, అయినా కూర్చున్నాడు. అవతలి గట్టు మీద మా ఆయన కూడా తలెత్తి ఆకాశాన్నే చూస్తున్నాడు. ఇద్దరం ఒకే మబ్బును చూస్తున్నామని తెలిసి నాకు చెప్పలేనంత హాయిగా అనిపించింది. కోపంలో ఉన్నా, మర్యాదలో ఉన్నా, ఈ మనిషి నేను చూసేచోటే చూస్తాడు, ఇంతకన్నా ఏం కావాలి నాకు. మబ్బు కదిలింది, ఎండ వచ్చింది, ముల్లు ఎక్కడ బయల్దేరిందో అక్కడికే తిరిగొచ్చి కూర్చుంది. ఇన్‌స్పెక్టరు చిన్నగా దగ్గాడు.

గంట గడిచింది, సంతకాలయ్యాయి. వాల్వు మీదికి కోత యంత్రం ఎక్కించారు. ఇక అరగంటలో తెలిసిపోతుంది. చక్రం గొట్టం గోడని గుండ్రంగా కోస్తుంది, కోసిన బిళ్ళ లోపల పడి కొట్టుకుపోకుండా మధ్యలో ఉన్న ములుకికి తీగ కొక్కెం ఉంటుంది, అది బిళ్ళను పట్టుకుని పైకి తెస్తుంది. పసుపు గుర్తు ఆ బిళ్ళ మీదే ఉంది. వెనక్కి తిప్పితే, లోపల తుప్పు తిన్నదా లేదా, పిల్లలకి కూడా కనపడుతుంది. తినేసి ఉంటే నేను గెలిచాను, చూడండి, గోడే పల్చబడింది, మీ చూపుకేం కాలేదు అని బిళ్ళ ఆయన చేతిలో పెట్టొచ్చు, రాత్రికి మేడమ్ మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతుంది. శుభ్రంగా ఉంటే? శుభ్రంగా ఉంటే, గోడ బాగానే ఉందిగా, మరి నమ్మకం లేనిది దేని మీద అని ఆయన అడగడు కూడా, ఇంకాస్త మర్యాదగా మాట్లాడతాడు. యంత్రం తిరగడం మొదలైంది. దేవుడా, గొట్టం కుళ్ళిపోయి ఉండాలి అని మొక్కుకున్న మొదటి ఇంజనీరును నేనే అయ్యుంటాను. నవ్వొచ్చింది, చేత్తో నోరు మూసుకున్నాను. యంత్రం చప్పుడు మొదట కీచుమంది, తర్వాత లావుగా, నిండుగా మారింది, గట్టి ఇనుమును కోసేటప్పుడు వచ్చే చప్పుడు అది, నా చెవులకి అప్పుడే తెలిసిపోయింది, మనసు మాత్రం ఇంకా బేరమాడుతోంది.

చక్రం వెనక్కి వచ్చింది, వాల్వు మూశారు, యంత్రం విప్పారు. ఎక్కడా చుక్క కారలేదు. గొట్టంలో గ్యాసు పోతూనే ఉంది, ఊళ్ళో కూరలు ఉడుకుతూనే ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు గొడుగు మడిచి నాతో చెయ్యి కలిపి వెళ్ళాడు. బిళ్ళను మా ఆయనే కొక్కెం నుంచి విడిపించాడు. గుడ్డతో తుడిచాడు. పైవైపు పసుపు గుర్తు చెరగలేదు. తిప్పి చూశాడు. జేబులోంచి కొలత పనిముట్టు తీసి గుర్తు దగ్గర పట్టాడు, పక్కన పట్టాడు, మళ్ళీ గుర్తు దగ్గర పట్టాడు. కళ్ళజోడు పైకి జరుపుకున్నాడు. తర్వాత గొయ్యి చుట్టూ నడిచి నా దగ్గరికొచ్చి బిళ్ళను నా చేతిలో పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది. లోపలివైపు నున్నగా, మచ్చ లేకుండా ఉంది. ఎక్కడా పల్చబడలేదు.

"వెల్డింగ్ తట్టుకునేదే," అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ పొడిచింది.

చెప్పడానికి అబద్ధాలు నాలుగు సిద్ధంగానే ఉన్నాయి, పరికరం తప్పు, బుడగ తప్పు, జెల్లీ తప్పు, నిబంధన ప్రకారం తక్కువ అంకే తీసుకోవాలి. నాలుగూ నిజాలే కూడా.

"గొట్టం తట్టుకునేది," అన్నాను. "నేనే తట్టుకోలేకపోయాను. మీ కంటి మీదా, మీ చేతి మీదా నాకు డౌటు ఏనాడూ లేదు. ఆ రోజు మంట వెనక మీరు కనపడలేదు. ఇంతకాలం అయినా నాకు ఇంకా కనపడలేదు. ఒక అంకె దొరికింది, పట్టుకున్నాను. మళ్ళీ చూడలేదు."

ఆయన టోపీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. గోతిలో ఎవరో పనిముట్లు లెక్కచూసుకుంటూ ఒక స్పానరు తక్కువైందని అరుస్తున్నారు.

"ముందే చెప్పొచ్చుగా."

"చెప్తే వెల్డ్ చేసేవాళ్ళు."

"చేసేవాణ్ణే," అన్నాడు. "వచ్చే నెల పాల ఫ్యాక్టరీ లైను ఉంది. దానికి ఏం రాస్తావు?"

ఆ గొట్టం నేను చూశాను, కొత్తది, వేలెడు మందం, దానికి బోల్టులు రాస్తే నా చేతిని నేనే నరుక్కోవాలి. మళ్ళీ ఆయన్ని ఆ మంట దగ్గరికే పంపాలి, అయినా నవ్వొస్తోంది, ఆయన నువ్వు అన్నాడని కూడా కాదు, అడిగాడని, నన్నే అడిగాడని.

"దానికి వెల్డింగే," అన్నాను. "కానీ నేను గట్టున నిలబడను. కిందకి దిగి మీ పక్కనే నిలబడతాను."

ఆయన నా మొహంలోకి చూశాడు.

"నిలబడు," అన్నాడు. "వెలుగు వంక మాత్రం చూడకు, కళ్ళు పోతాయి. నా వీపు వైపు చూస్తూ ఉండు."